ఫ్యూజులో రెండో పోగు

2021 ఫిబ్రవరిలో నేను రెడ్డిగూడెం వైపు కరెంటు సెక్షన్లో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. పదవీ విరమణకు ఇంకా ఆరు నెలలుంది. హెల్పర్‌గా చేరి, అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్ అయి అక్కడికి చేరడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది. ఆ ముప్పై నాలుగేళ్లలో నా సర్వీసు రిజిస్టరులో ఒక్క మెమో లేదు. దాన్ని అలాగే తెల్లగా తీసుకుని ఇంటికి పోవాలన్నదే నా పట్టుదల.

అదే నెలలో సెక్షన్‌కి కొత్త అసిస్టెంట్ ఇంజనీరు వచ్చింది. పేరు లావణ్య. వయసు మా చిన్నమ్మాయి కంటే తక్కువ. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను, పాత మాన్యువళ్లు చదివి లెక్కలు నేర్చుకున్నాను. ఆవిడ నాలుగేళ్లు కాలేజీలో కూర్చుని వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చుంది. నాకు గిట్టలేదు. ఈ మాట దాచి ఈ సంగతి చెప్పడం కుదరదు.

ఊరి బయట తోటల మధ్య నలభై కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండేది. దాని మీద మూడు తోటల బోరు మోటార్లు, ఒక రేకుల షెడ్డు. మామిడికాయలు గ్రేడింగ్ చేసే ఆ షెడ్డును, సీజన్ కాని నెలలకు ప్రసాద్ అనే కుర్రాడు అద్దెకు తీసుకుని పద్దెనిమిది కంప్యూటర్లు పెట్టాడు. ఒక్కోదానికి ఆరేసి గ్రాఫిక్ కార్డులు. వాటిని రిగ్గులంటారు. పగలూ రాత్రీ ఆగకుండా లెక్కలు కడుతూ ఉంటే అప్పుడప్పుడూ క్రిప్టో నాణెం రాలుతుందట. దొంగ కరెంటు కాదు. కమర్షియల్ మీటరు ఉంది, లోడుకు అనుమతి ఉంది.

మార్చి మొదటి వారం నుంచి అక్కడ ఫ్యూజులు పోవడం మొదలైంది. కాయ గోలీ సైజులో ఉన్న రోజులు. అప్పుడు నీళ్లు తప్పితే కాయ రాలిపోతుంది. పక్క తోట కౌలు రైతు నాగేశ్వరరావు రోజూ ఫోను చేసేవాడు. రెండు మూడుసార్లు నేను అందుబాటులో లేక లావణ్య గారు స్వయంగా వచ్చి నిలబడి ఫ్యూజు వేయించింది. ఆ తర్వాత అతను నాతో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"మేడమ్ గారొస్తే కరెంటు లేచి నిలబడుద్ది బాబాయ్. నువ్వొస్తే మళ్లీ పడుకుంటది."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. మర్నాడే టాంగ్ టెస్టర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. తీగను కొయ్యకుండా పైన దవడలా పట్టిస్తే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపించే మీటరది. పద్దెనిమిది రిగ్గులకూ విడివిడిగా రీడింగు తీసి నోటుబుక్కులో రాశాను. తొమ్మిది రిగ్గులు నాలుగు ఆంపియర్ల లోపు. మిగిలిన తొమ్మిదీ ఆరుకు దగ్గర. ఒకే రకం కార్డులు, ఒకే పని. తేడా ఎక్కడని అడిగితే, తక్కువ లాగేవి లైనక్స్ మీద, ఎక్కువ లాగేవి విండోస్ మీద నడుస్తున్నాయని ప్రసాద్ చెప్పాడు.

నాలుగు రోజులు ఫోనులో చదివి, ప్రసాద్ బుర్ర తిని సంగతి తేల్చుకున్నాను. కార్డు ఇంతకు మించి కరెంటు లాగకూడదని హద్దు పెట్టవచ్చు. హద్దు పెడితే పని కొంచెమే తగ్గుతుంది, కరెంటు చాలా తగ్గుతుంది. అయితే మిషన్ ఆగి లేచిందంటే ఆ హద్దు చెరిగిపోతుంది. లైనక్స్ వాటిలో, లేచిన ప్రతిసారీ హద్దు మళ్లీ పెట్టే ఆదేశం ప్రసాద్ ముందే రాసిపెట్టాడు. విండోస్ వాటిలో ఆ పని చేయించడానికి ఒక గడిలో టిక్కు పెట్టాలి, అది పెట్టలేదు. అంటే ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఆ తొమ్మిదీ నిండు ఆకలితో లేస్తున్నాయి. అదే క్షణంలో, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్లు మూడు మోటార్లనూ ఒక్కసారే లేపుతున్నాయి. ఆటో స్టార్టర్ల జబ్బు నాకు పాతదే. కంప్యూటర్లకూ అదే జబ్బని కనిపెట్టింది నేనే.

ఆ రోజే ఆవిడకు చెప్పి ఉంటే పది నిమిషాల పని. చెప్పలేదు. పాతికేళ్ల కిందట ఆగిరిపల్లి లైనులో నేను పట్టుకున్న లోపాన్ని అప్పటి ఇంజనీరు తన పేరున రాసుకుని శాలువా కప్పించుకున్నాడు. ఆ శాలువా రంగు కూడా నాకు గుర్తే. ఈసారి నెలవారీ మీటింగులో, ఆవిడకూ పై అధికారి అయిన ఏడీఈ గారి ముందు, నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. మీటింగుకు పదకొండు రోజులుంది. అప్పటిదాకా షెడ్డులో ఏమీ మార్చవద్దని ప్రసాద్‌కు చెప్పాను. లోడు తగ్గిపోతే చూపించడానికి నాకేం మిగులుతుంది?

మళ్లీ ఫ్యూజు పోయింది. నాగేశ్వరరావు మళ్లీ మేడమ్‌కి ఫోను చేస్తాడు, ఆవిడ వచ్చి షెడ్డులోకి తొంగిచూస్తుంది. అది జరగకూడదనుకున్నాను. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, అంటే ఆ లైనుకు సప్లై ఆపినట్టు మాట తీసుకుని, ఫ్యూజులో ఒక పోగు తీగ ఉండాల్సిన చోట, తొందరగా కరగకుండా రెండు పోగులు వేశాను. మా శాఖలో అందరికీ తెలిసిన, అందరూ తప్పని చెప్పే, సగం మంది చేసే పని.

వారం రోజులు ఫ్యూజు పోలేదు. నాగేశ్వరరావు నన్ను మెచ్చుకున్నాడు కూడా. మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఫీడరు లైను ట్రిప్పయి, పావుగంటకు కరెంటు వచ్చింది. మోటార్లూ రిగ్గులూ కలిసి లేచాయి. కరగాల్సిన ఫ్యూజు కరగలేదు. బదులుగా ట్రాన్స్‌ఫార్మర్ లోపల వైండింగ్ కాలి, నూనె పొంగి పొగ వచ్చింది.

లావణ్య గారు వచ్చి ఫ్యూజు గ్రిప్పులు తీయించి చూసింది.

"వీరాస్వామి గారూ, ఈ రెండో పోగు ఎవరు వేశారండీ?"

"నేనే మేడమ్."

"ఎందుకు పోతోందో మీకు తెలియకనా?"

తెలియదంటే సరిపోయేది. కానీ నాకు తెలియదని ఆవిడ అనుకోవడం భరించలేకపోయాను. జేబులోంచి నోటుబుక్కు తీసి చేతిలో పెట్టాను. రీడింగుల పక్కన తేదీలు ఉన్నాయి. ఆవిడ ఆ తేదీలే రెండుసార్లు చూసింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేలోపు ఆవిడ ప్రసాద్‌తో గంటసేపు కూర్చుని తొమ్మిది టిక్కులూ పెట్టించింది. రిగ్గులన్నీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి లేచేలా నిమిషం ఎడం పెట్టించింది. మోటార్లకూ అదే చేయించింది. నేను పక్కన నిలబడి చూశాను. నాకు తట్టని పని అందులో ఒక్కటీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ నాలుగో రోజు వచ్చింది. అప్పటికే నాగేశ్వరరావు తోటలో పడమటి వరసల కింద నేలంతా కాయ. ఆ తర్వాత అతను నన్ను బాబాయ్ అనడం మానేసి 'ఇన్‌స్పెక్టర్ గారూ' అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిన మర్నాడే జరిగిన మీటింగులో ఆవిడ రిపోర్టు చదివింది. లోపం కనిపెట్టిన రీడింగులు లైన్ ఇన్‌స్పెక్టర్ వీరాస్వామివని మొదటి పేరాలో ఉంది. రెండో పోగు వేసింది అతనేనని రెండో పేరాలో ఉంది. ఆవిడ నా పని దొంగిలించి ఉంటే నాకు తిట్టుకోవడానికైనా ఉండేది. అదీ లేకుండా చేసింది. ఆగస్టులో ఆవిడకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నాకు ఛార్జ్ మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను, మందలింపుతో ముగించారు. సర్వీసు రిజిస్టరు చివరి పేజీలో ఆ ఒక్క ఎర్ర సిరా నమోదు ఉంది. ఆ ప్రశంసాపత్రం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆ ఉదంతం నేర్పింది ఇది. ఫ్యూజు పోవడం లోపం కాదు, లోపం ఉందని చెప్పడం. ఆ మాట ఇంకొకరి చెవిన పడకూడదని నేను దాని నోరు కట్టేశాను. రీడింగు తీసిన రోజే పై అధికారికి అందాలని మా నిబంధనల్లో ఉంది. అది ఎందుకు రాశారో తెలుసుకోవడానికి నాకు ముప్పై నాలుగేళ్లు, ఒక ట్రాన్స్‌ఫార్మరు పట్టాయి.