రాయి మీద మూడో పాదం

పాస్టరుగారు జేబురుమాలు నీళ్లలో ముంచి, నల్లరాయి మీద సుద్దతో రాసి ఉన్న మూడో పాదాన్ని తుడిచేశారు. పైన రెండు పాదాలు మిగిలాయి. రాయి చెక్కే అతను ఉలి పట్టుకుని, ఎవరి మాట వినాలో తెలియక నావైపు చూశాడు. నా స్నేహితుడి భార్య ఆరిపోతున్న తడినే చూస్తూ ఉంది.

"ఇక్కడిదాకా బాగుందమ్మా. దీని కింద యోహాను సువార్త చివరి అధ్యాయం అని వేయిద్దాం," అన్నారు పాస్టరుగారు.

"అయితే ఏటీ వద్దండి అయ్యగారూ. పేరూ, తారీకులూ సెక్కించీండి. సాలు," అందామె.

మా అనకాపల్లిలో క్రైస్తవుల సమాధి మీద పేరు, తేదీల కింద ఒక వాక్యం చెక్కిస్తారు. అది బైబిల్లో ఎక్కడ ఉందో దాని కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ మనిషి ఏ నమ్మకంతో వెళ్లాడో వచ్చేపోయేవాళ్లకు చెప్పేది ఆ వాక్యమే. ఆమె వాక్యానికి బదులు భర్త రాసిన పాట చెక్కించాలనుకుంది. అది రాక్ పాట. మొత్తం మూడు పాదాలు.

రాత్రంతా వేసిన వల ఖాళీగానే లాగేను
ఒడ్డున నువ్వు నిప్పు రాజేసి ఉంచేవన్నారు
బూడిద ఇంకా వెచ్చగానే ఉంది, నువ్వు లేవు

పెళ్లయిన కొన్నాళ్లకే అతను చర్చి లోపలికి వెళ్లడం మానేశాడు. గిటారూ డ్రమ్సూ దేవుడి ఇంట్లో పనికిరావని అప్పటి పెద్దలు అన్నందుకని కొందరు చెప్పేవారు. ఇప్పుడు ప్రతి చర్చిలోనూ డ్రమ్స్ ఉన్నాయి. అతను మాత్రం తిరిగి వెళ్లలేదు. నిరుడు గుండె ఆగి పోయినప్పుడు, నమ్మికతోనే పోయాడా అని అడిగిన చుట్టాలకు ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. నమ్మితేనే కదా పరలోకంలో మళ్లీ కలుసుకునేది. ఆమె చేతిలో ఉన్న సాక్ష్యం ఈ పాట ఒక్కటే.

ఆ పాట పుట్టిన చోటు నాకు తెలుసు. బెల్లం మార్కెట్‌కు సెలవు వచ్చిన రోజుల్లో ఒక గోదాములో వాళ్ల బ్యాండ్ సాధన చేసేది. నేను అప్పుడే పేపర్లో విలేఖరిగా చేరాను. బెల్లం దిమ్మల మధ్య కూర్చుని వినేవాణ్ణి. చెమటకీ బెల్లం జిగురుకీ తీగలు వేళ్లకు అంటుకునేవి. మూడో పాదం అయ్యాక మిగతావాళ్లు ఆపేసేవారు. అతను ఆపేవాడు కాదు. గోదాము తలుపు వైపు చూస్తూ ఒక్కడే వాయించేవాడు. ఎవరో రావలసినవాళ్లు ఆలస్యం చేసినట్టు ఉండేది ఆ చూపు. ఒకరోజు నేనూ వెనక్కి తిరిగి చూశాను. బయట ఖాళీ బండి, ఎండ.

అతను పుట్టింది పూడిమడకలో. అక్కడ మేనమామ పడవ మీద సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాడు. తెల్లారకముందే ఆడవాళ్లు ఒడ్డున కట్టెలు రాజేసుకుని పడవల కోసం కాచుకునేవారని అతనే చెప్పాడు. ఆలస్యంగా వచ్చిన పడవకు బూడిదే మిగిలేదట. పాటలో 'నువ్వు' ఎవరని అడిగితే, "నీకెవరు కావాలంటే ఆళ్లే బావా. పేపరోడివి, నీకు తెలీందేటుంది?" అనేవాడు.

ఆ బ్యాండ్ గురించి నేనొక వార్త రాసి, పాట మొత్తం అందులో పెట్టాను. పేపర్లో చోటు చాలకపోతే, వార్తలు దిద్దే డెస్కువాళ్లు కింది నుంచి కోస్తారు. అసలు విషయం పైనే ఉంటుందని లెక్క. ఆ రోజు ప్రకటన ఒకటి పెద్దదైంది. వార్త చివర ఉన్న మూడో పాదం పోయింది.

రెండు పాదాల పాట చర్చిలో చాలామందికి నచ్చింది. రాత్రంతా వల వేసి ఏమీ దొరకని శిష్యులు, ఒడ్డున నిప్పు రాజేసి పిలిచిన ప్రభువు. వాళ్లకు తెలిసిన కథే. గిటారు అరుపులు తీసేసి, కీర్తనలా నెమ్మదిగా పాడుకోవడం మొదలుపెట్టారు.

ఆదివారాలు అతను భార్యను స్కూటర్ మీద చర్చి గేటు దగ్గర దింపి, ఎదుటి టీ కొట్టులో కూర్చునేవాడు. నేనూ వెళ్లేవాణ్ణి. ఒక ఆదివారం లోపలి నుంచి ఆ పాట వినిపించింది. అతను గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వాడు.

"మీ డెస్కోడు నా పాటకి బాప్తిస్మం ఇచ్చీసేడు బావా!"

"సవరణ వేయిస్తాను. ఒక్క మాట చెప్పు."

"వద్దు, ఉండనీ. ఆళ్లకి అక్కడితో సరిపోయింది."

"మరి నీకు?"

అతను గ్లాసు తీసుకుని టీ తాగాడు. లోపల రెండో పాదం ముగిసి నిశ్శబ్దమైనప్పుడు అతని వేళ్లు బల్ల మీద కాసేపు ఆడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత కూడా అతను ప్రతి ఆదివారం అక్కడే కూర్చున్నాడు. చర్చి వినిపించనంత దూరంలో టీ కొట్లు ఊళ్లో ఎన్నో ఉన్నాయి.

ఆ రోజు రాళ్ల దుకాణంలో పాస్టరుగారు కఠినంగా మాట్లాడలేదు. ఆయన మంచి మనిషి.

"అమ్మా, రేపు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరో వచ్చి ఈ రాయి చదువుతుంది. 'నువ్వు లేవు' అని ఉంటే ఆవిడ గతేమిటి? మనం ఇన్నాళ్లూ పాడుకున్నది రెండు పాదాలే కదా."

"ఆరిపోయిన బూడిదని రాయనేదు కదండీ," అందామె. "వెచ్చగా ఉందన్నాడు. అంటే ప్రభువు ఇప్పటిదాకా కూకునే ఉన్నాడు. మా ఆయనే లేటుగా ఎల్లేడు. అన్నింటికీ లేటేనండి. పెళ్లికి కూడా లేటుగానే వచ్చేడు, అప్పటి అయ్యగారు రెండు పాటలు ఎక్కువ పాడించేరు."

చెక్కే అతను నవ్వాడు. పాస్టరుగారూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అన్నయ్యా, నువ్వు సెప్పు. నీతోనే కదా తిరిగీవోడు. నమ్మేడా, నేదా?"

నేను హిందువుల ఇంట్లో చెరకు పొలాల మధ్య పెరిగినవాణ్ణి. మోక్షం సంగతి ఆమెకు చెప్పగలవాణ్ణి కాను. అవునంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది. కానీ అతను అనని మాటను అతని నోట పెట్టడం నా చేత కాలేదు. నేను విన్నది మూడు పాదాలనీ, మూడోది పాడాక అతను తలుపు వైపు చూసేవాడనీ మాత్రం చెప్పాను.

"ఎవరి కోసం?" అందామె.

"ఎప్పుడూ చెప్పలేదమ్మా."

ఆమె తల ఊపి, రాయి మీద మిగిలిన రెండు పాదాలను తన చీర చెంగుతోనే తుడిచింది.

ఈస్టర్ తెల్లవారుజామున మా ఊళ్లో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మొన్నటి ఈస్టర్‌కు నేనూ వెళ్లాను. చర్చివాళ్లు అతని సమాధి దగ్గర నిలబడి అతని పాటే పాడారు, రెండు పాదాలు. ఆమె పెదవులు కదల్లేదు. వాళ్లు పక్క సమాధికి వెళ్లాక కూడా ఆమె అక్కడే నిలబడింది. నాకు ఆ గిటారు ఒక్కసారి వినాలనిపించింది.

పాస్టరుగారు ఇప్పటికీ రెండే అంటారు. ఆమె మూడూ అంటుంది. రాయి మీద పేరు, రెండు తేదీలు ఉన్నాయి. వాటి కింద మూడు పాదాలు పట్టేంత చోటు నున్నగా ఉంది.