టార్చ్ పైపుల చీర

కాదు, అది ఉయ్యాల కాదు. షాద్‌నగర్‌లో నేను పనిచేసే వెల్డింగ్ షాపులో గ్యాస్ పైపుల కోసం కట్టిన మా అవ్వ పాత చీర. పైపుల బరువంతా మంట వచ్చే టార్చ్ మెడ మీద పడి, పోయిన వారం అక్కడే రబ్బరు పగిలి గ్యాస్ లీకైంది. మళ్ళీ పగిలితే పనిలోకి రావద్దని మా సేటు యూసుఫ్ భాయ్ చెప్పాడు. అందుకే రేకుల కింది ఇనుప రాడ్డుకు చీర కట్టి, పైపులను అందులో వేలాడేశాను. ఇప్పుడు బరువు చీర మోస్తుంది. సేటు మాత్రం చూసి నవ్వాడు.

ఈ రోజు పైపులు కిందికి తీసి తుడుస్తుంటే, గేటు చేయించుకోవడానికి వచ్చిన ఒక అక్క నిద్రపోతున్న పాపను ఆ చీరలో పడుకోబెట్టింది. అవతల ట్రాక్టర్ నాగలి అతికించాలని ఒక రైతు కూర్చున్నాడు.

"అరే, పాపను తీయమని చెప్పురా," అన్నాడు సేటు మెల్లగా.

"మీరే చెప్పుండ్రి భాయ్."

ఆ అక్క నా వైపు తిరిగింది. "తమ్మీ, జర ఊపు. లేస్తాంది."

ఊపాను. పిల్ల ఉండగా మంట వెలిగించనని సేటు కూర్చున్నాడు. రైతు కూడా గొంతు తగ్గించి, "పండనియ్ తియ్, నాకేం తొందర," అన్నాడు. పాప చాలాసేపు పడుకుంది.

వాళ్ళు పోయాక సేటు చీర ముడిని లాగి చూశాడు. ఇక పని మానేయమంటాడు అనుకున్నాను.

"గట్టిగనే కట్టినవ్. రేపు ఇంకోటి కట్టు. గిరాకీల పిల్లలకొకటి, పైపులకొకటి."

మా ఇంట్లో పాత చీర అదొక్కటే. మీ ఇంట్లో ఏమన్నా ఉందా?