బేస్ క్యాంపుకు నేను కొన్న చాకులు

2017 జూన్‌లో నన్ను దేవరకొండకు దక్షిణంగా, నల్లమల అంచున ఉన్న ఒక రేంజ్‌కు రేంజ్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్లుంది. రేంజ్ పేరు చెప్పను. నన్ను ఎరిగినవాళ్లు అక్కడ ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లను అడిగితే ఈ కథలో నేను ఇంతకంటే తెలివితక్కువగా కనిపించే అవకాశం ఉంది.

అటవీ శాఖ తెలియనివారికి మా నిచ్చెన గురించి నాలుగు మాటలు. కింది మెట్టు బీట్ ఆఫీసర్, ఆ పైన సెక్షన్ ఆఫీసర్, ఆ పైన రేంజ్ ఆఫీసర్. నా పైన జిల్లా అటవీ అధికారి, మేము డి.ఎఫ్.ఓ. గారంటాం. ఈ నిచ్చెన పడిపోకుండా నేల మీద నిలబడి పట్టుకునేవాళ్లు వాచర్లు. వాళ్లు ఉండే చోటును బేస్ క్యాంపు అంటారు. పేరు గంభీరంగా ఉంటుంది కానీ, అడవి మధ్యలో ఒక రేకుల కొట్టం, సోలార్ దీపం, నీళ్ల డ్రమ్ము, మూడు రాళ్ల పొయ్యి, అంతే. నాకు అలాంటివి నాలుగు క్యాంపులు, ఒక్కోదానిలో ఐదుగురు వాచర్లు. పొద్దున్నే లేచి అడవిలో పది పన్నెండు కిలోమీటర్లు నడవడం, వేటగాళ్లు పెట్టిన ఉచ్చులూ వలలూ తీసేయడం, ఎక్కడైనా పొగ కనిపిస్తే కబురు పెట్టడం వాళ్ల పని.

ఈ పనికి చాకు లేకుండా జరగదు. వల కోయడానికీ, తాడు తెంపడానికీ, కాలిలో ముల్లు తీయడానికీ, సాయంత్రం ఉల్లిగడ్డ తరగడానికీ అదే. రాళ్ల మీద, వాగుల్లో ఎక్కి దిగే మనుషులు కాబట్టి మడత చాకే మంచిది. జారిపడితే నడుముకున్నది పొట్టలో దిగదు. నేను వెళ్లేసరికి ఇరవై మంది దగ్గరా సొంత చాకులున్నాయి. నల్లటివి, పాతవి, చూడటానికి ఒక్కటీ బాగుండదు.

నాకు అది నచ్చలేదు. అడవిలో ఎవరినైనా పట్టుకుంటే పంచనామాలో, అంటే సాక్షుల ముందు రాసే జప్తు కాగితంలో, మొదట ఎక్కేది చాకే. మా వాచర్ చాకునూ, పట్టుబడినవాడి చాకునూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నాకే తెలియలేదు. అందుకని ఒక ఆర్డర్ వేశాను. సొంత చాకులన్నీ రేంజ్ ఆఫీసులో అప్పగించాలి, బదులుగా శాఖ తరఫున అందరికీ ఒకే రకం చాకులు ఇస్తాం. ఆలోచన బాగుందనే ఇప్పటికీ అంటాను. పాడు చేసింది ఆ తర్వాత నేను చేసిన ఎంపిక.

వస్తువులు కొనే విషయంలో నా మీద నాకు గొప్ప నమ్మకం. మా ఇంట్లో వంకాయలు కూడా నేను ఏరితేనే. రెండు సాయంత్రాలు ఫోన్‌లో వీడియోలు చూశాను. వాటిలో గడ్డాలున్న దొరలు చాకుతో తాళ్లు కోసి, కట్టెలు చీల్చి, చివరికి ముంజేతి మీద వెంట్రుకలు గీసి పదును నిరూపిస్తారు. నమూనాలు వచ్చాక నేనూ ముంజేతి వెంట్రుకలు కొన్ని శాఖకు సమర్పించుకున్నాను. మా ఆవిడ చూసి, ఈ వయసులో ఇదేం కొత్త జబ్బని అడిగింది.

కొనుగోలుకు ముగ్గురి కమిటీ వేయాలి. నేనూ, నా డిప్యూటీ, సీనియర్ అసిస్టెంట్ వెంకటయ్య గారూ కూర్చున్నాం. ముందు మూడు నమూనాలు. ఒకటి పదకొండు పనులు చేస్తుందన్నారు. రంపం, సీసా మూత తీసేది, దిక్సూచి కూడా ఉన్నాయి. ఆ దిక్సూచి నా ఆఫీసులో ఉత్తరాన్ని మూడు వైపుల చూపించింది. రెండోది నిజంగా మంచిది, కానీ మా మంజూరుకు అందదు. మూడోది నల్ల పిడి, తళతళలాడే బ్లేడు, అన్నిటికీ మించి లాకు. బ్లేడు తెరవగానే లోపల ఒక రేకు టక్కున అడ్డం పడుతుంది, ఆ రేకును వేలితో జరిపితే తప్ప చాకు మూసుకోదు. చవక, గట్టి, భద్రం. ముగ్గురం సంతకాలు చేశాం. మా ముగ్గురిలో ఎవరూ అడవిలో ఒక్క వల కోసినవాళ్లు కాదు.

పంచేరోజు వాచర్లందర్నీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి, లాకు గురించి అరగంట ప్రసంగించాను. ముందు వరసలో బయ్యన్న ఉన్నాడు. చెంచు మనిషి, నలభై దాటాయి, అందరికంటే ముందు వాచర్‌గా చేరినవాడు. చాకు తెరిచి, మూసి, పిడి సందులోకి ఒక కన్ను పెట్టి చూశాడు.

"సారూ, లోపటి రేకు జర పల్చగున్నది" అన్నాడు.

"అదే లాకు, బయ్యన్నా. దానివల్లే ఇది మూసుకోదు" అని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

"గట్లనా" అన్నాడు.

మా వైపు "గట్లనా" అంటే ఒప్పుకున్నట్టు కాదు, వాదించడం మానుకున్నట్టు. కొత్తకోటలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ తేడా నాకు తెలియకపోవడానికి వీల్లేదు. కానీ ఆరోజు నేను ఆఫీసర్‌ని. పాత చాకులన్నీ గోనెసంచిలో వేయించి, మూతి కట్టించి, స్టోర్‌లో పెట్టించాను.

మూడు నెలలు బాగానే గడిచాయి. అక్టోబర్ చివర్లో వానలు వెనకపట్టు పట్టాక, ఒక పొద్దున నైలాన్ వలలో చిక్కిన నెమలి బయ్యన్న కంటపడింది. కాలి చుట్టూ ముడి బిగుసుకుపోయింది. ముడి కిందికి చాకు మొన దూర్చి, బలంగా నెట్టాడు. లాకు జారింది. బ్లేడు వెనక్కి మడుచుకుని కుడి చూపుడువేలి మీద పడింది. తోటి వాచర్లు తువ్వాల చుట్టి, మోటార్ సైకిల్ మీద దేవరకొండ దవాఖానకు చేర్చారు.

నేను వెళ్లేసరికి కుట్లు పడ్డాయి. వేలు మడిచే నరం తెగిందనీ, కలిపి కుట్టామనీ, ఎంతవరకు మడుస్తాడో తర్వాతగానీ తెలియదనీ డాక్టర్ చెప్పారు. బయ్యన్న నన్ను చూసి లేవబోయాడు.

"నెమలి మంచిగనే ఎగిరిపోయింది సారూ" అన్నాడు ముందు. తర్వాత, "నాదే తప్పు. నన్నైతే కొలువుల నుంచి తియ్యకుండ్రి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అతని సొంత చాకు లాక్కున్నది నేను, ఈ చాకు చేతికిచ్చింది నేను, రేకు పల్చగా ఉందంటే పాఠం చెప్పింది నేను. తప్పు మాత్రం తనదంటున్నాడు. ఏం ఫికర్ చేయకు అని చెప్పి బయటికి వచ్చేశాను.

ప్రమాదం జరిగితే రేంజ్ ఆఫీసర్ ఒక నివేదిక పంపాలి. అందులో "ప్రమాదానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. "వాచర్ అజాగ్రత్త" అని రాస్తే ఫైల్ ఒక్కరోజులో మూసుకుంటుందని వెంకటయ్య గారు సలహా ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎందరో ఆఫీసర్లను ఒడ్డున పడేసిన మనిషి. అయితే ఆ రెండు మాటలు రాస్తే చికిత్స ఖర్చు బయ్యన్న నెత్తిన పడుతుంది, అజాగ్రత్త మనిషిని ఎందుకు ఉంచుకున్నారని పైనుంచి అడుగుతారు, అతని జాగాలో ఇంకొకరు వస్తారు. "పరికరం లోపం" అని రాస్తే, ఆ పరికరం ఎవరు ఎంచారని నన్ను అడుగుతారు.

రెండు రోజులు ఆ గడి నింపలేదు. విచారిస్తున్నానని అందరికీ చెప్పాను. నిజానికి భయపడుతున్నాను. నాలుగేళ్లలో దిగిపోయేవాణ్ణి, ఫైల్లో మరక ఎందుకని లోపల ఒకడు సణుగుతూనే ఉన్నాడు.

మూడోరోజు మిగతా పంతొమ్మిది చాకులనూ వెనక్కి తెప్పించాను. ఒక్కోటి తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు మొద్దు వైపును బల్ల అంచుకు ఆనించి నొక్కాను. ఏడు మూసుకుపోయాయి. ఒకదాన్ని స్క్రూలు తీసి విప్పితే, నేను అరగంట పొగిడిన లాకు పౌడర్ డబ్బా రేకు మందాన ఉంది. మూడు నెలల ఇసుక చేరి, అడ్డం పడాల్సిన చోట అంచు అరిగిపోయింది. ఈ పరీక్ష కొనేముందు చేస్తే పది నిమిషాల పని. నేను వెంట్రుకలు గీసుకుంటూ కూర్చున్నాను.

గడిలో ఇలా రాశాను: "పరికరం లోపం. దాన్ని ఎంపిక చేసినది, వాచర్ల సొంత చాకులు వాడవద్దని ఆదేశించినది కింద సంతకం చేసిన అధికారి." వెంకటయ్య గారు రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"గిట్ల ఎవ్వరు రాయరు సార్" అన్నారు.

అయినా ఒక్క తప్పు లేకుండా టైపు చేసిపెట్టారు. డి.ఎఫ్.ఓ. గారు ఫోన్లో ఓ పావుగంట మాట్లాడారు, నేను ఎక్కువగా విన్నాను. చికిత్స ఖర్చు శాఖ భరించింది, బయ్యన్న పేరు హాజరు పట్టీలో అలాగే ఉంది. నాకు మెమో వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో మెమోలు నాకు కొత్త కాదు. రాసిందంతా నిజమే అయిన మెమో మాత్రం అదే మొదటిది.

ఇక చాకులు లేకుండా పంతొమ్మిది మంది అడవిలో ఉన్నారు. ఎవరి చాకు వాళ్లకు ఇచ్చేద్దామని గోనెసంచి విప్పించాను. అప్పుడు మొదటిసారి వాటిని నిజంగా చూశాను. సగానికి పైగా చాకుల బ్లేడు మొదట్లో నెలవంక ముద్ర ఉంది. ఈ ముద్రను జప్తు చేసిన చాకుల మీదా చూసినట్టు గుర్తొచ్చి బయ్యన్నను అడిగాను.

"దేవరకొండ ఖాజా మియా చేతియి సారూ. మేం కొనేది ఆడనే, ఆళ్లు కొనేది ఆడనే" అన్నాడు కట్టుకట్టిన చెయ్యి ఊపుతూ.

అంటే వేటగాడికీ వాచర్‌కూ దుకాణం ఒకటే. అడవిలో ఏది పనికొస్తుందో ఇద్దరికీ తెలుసు, మధ్యలో ఉన్న నాకే తెలియలేదు. వేట నేరం, అందులో రెండో మాట లేదు. కానీ వేటగాడి చాకు నాసిరకం అని నేను ఏ పంచనామాలోనూ రాయలేను.

ఆ చాకులకు లాకు లేదు, స్ప్రింగు లేదు. బ్లేడుకు వెనకవైపు చిన్న తోక ఉంటుంది. చాకు తెరిస్తే ఆ తోక వచ్చి పిడి వీపు మీద పడుకుంటుంది. పిడిని పట్టిన పిడికిలే తోకనూ పట్టుకుంటుంది కాబట్టి, చెయ్యి వదిలితే తప్ప చాకు మూసుకోదు. ఉక్కు పాత లారీ చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీది. తుప్పు పడుతుంది, తుడుచుకోవాలి. పదును పోతే వాగులో రాయి మీద నూరినా వస్తుంది. మేము కొన్న తళతళల బ్లేడుకు ఏ రాయీ పనికిరాలేదు.

ఎవరి పాత చాకు వాళ్లకు ఇచ్చేసి, శాఖ తరఫున ఇస్తానన్న కొత్తవి కూడా ఖాజా మియా దగ్గరే కొందామనుకున్నాను. ఆయన దుకాణం ఒక మనిషి, ఒక సానచక్రం పట్టేంత జాగా. నేను యూనిఫాంలో వెళ్లి ఇరవై చాకులు కావాలన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "ఎవరి చేతికి సాబ్?" అన్నాడు. శాఖకు అన్నాను.

"శాఖకు చెయ్యి ఉండదు గద సాబ్. మనుషులను తీస్కరాండ్రి" అన్నాడు.

అలవాటు కొద్దీ, పిడికి వాడే కర్ర ఏదని అడిగాను. "పొలం గట్టు తుమ్మ సాబ్, మీ అడివిది గాదు" అని నవ్వాడు.

క్యాంపుకొకరు చొప్పున, నలుగురు నలుగురిని జీపులో తీసుకెళ్లాం. ఆయన ఒక్కొక్కరి అరచేతికి దారం పెట్టి కొలిచాడు. కొనుగోలు ఫైల్లో అరచేతులకు గడి లేదు. వెంకటయ్య గారు "అనుబంధం: అరచేతుల కొలతలు" అని ఒక కాగితం సృష్టించి కుట్టేశారు. బయ్యన్న వంతు వచ్చేసరికి కట్టు విప్పారు, కానీ చూపుడువేలు కర్రలా నిలబడే ఉంది. ఖాజా మియా ఒక పాత చాకు అతని చేతికిచ్చి నాలుగుసార్లు పట్టించి చూశాడు. మిగతా మూడు వేళ్లకే పట్టు దొరికేలా తోకను పొడుగు పెంచి, పిడిని లావు చేసి ఇచ్చాడు. బయ్యన్న దాన్ని తెరిచి, మూసి, సందులోకి చూసి, నడుముకు పెట్టుకున్నాడు. మరుసటి వారం నుంచి మళ్లీ అడవిలో నడిచాడు.

ఇప్పుడు గుట్టలెక్కే కుర్రాళ్లు, క్యాంపులకు పోయేవాళ్లు, ఏ మడత చాకు కొనాలని నన్ను అడుగుతుంటారు. పేరు చెప్పను. తెరిచి మొద్దు వైపు నొక్కి చూడమంటాను. ఇసుకా నీళ్లూ లోపలికి పోయాక మళ్లీ నొక్కమంటాను. తడిచేత్తో తెరవమంటాను. మామూలు రాయి మీద పదును వస్తుందో లేదో అడగమంటాను. పదకొండు పనులు చేస్తానన్న చాకును అక్కడే వదిలిరమ్మంటాను.

ఆ తర్వాత నా సర్వీసులో టార్చి కొన్నా, బూట్లు కొన్నా, ముందు ఒక్కటే తెప్పించి, వాడే మనిషికిచ్చి నెల రోజులు ఆగేవాణ్ణి. అతను బాగాలేదంటే ఎందుకని అడిగేవాణ్ణి, జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఫైళ్లు ఆలస్యం చేస్తున్నానని రెండుసార్లు పైనుంచి మాటపడ్డాను. ఆ నెల రోజులు 2017లో ఆగలేదు. బయ్యన్న చూపుడువేలు ఇప్పటికీ మడవదు.