ట్రాక్టరు కోసం వెడల్పు చేసిన సొరంగం

రాతికి మార్కులు వేయడం నా ఉద్యోగం. సొరంగాలు తవ్వేచోట పగుళ్లు చూసి, తడి చూసి, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్తుంటాను. అందుకే తమ ఊరి కొండలో బండ ఊడిపడిందని మా అక్క మొగుడు రమణ బావ ఫోన్ చేసి, "ఒరే, ఓసారొచ్చి సూడరా" అనగానే రాజాంలో ఆరింటి బస్సెక్కాను.

శ్రీకాకుళంలో దిగి టెక్కలి బస్సు పట్టుకుంటే పదిలోపే కోటబొమ్మాళి. అక్కడి నుంచి షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. జూలై వచ్చినా చినుకు లేదు. దారి పొడవునా మళ్లు బీటలు వేసి ఉన్నాయి. డ్రైవరు మాత్రం హుషారుగా ఉన్నాడు. "సొరంగం కాడికా? ఆ రాయి తీసేస్తే సాలు, ట్రాక్టరు ఇటు దూరి అటు ఎలిపోతాది. కొండ సుట్టూ తిరిగే పని నేదు." ట్రాక్టరు దూరేంత వెడల్పు చేస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఊరికీ చెరువుకీ మధ్య చిన్న కొండ అడ్డం. ఆ ఊరి లచ్చుమయ్య తాత, ఆయన అన్నదమ్ములు వయసులో ఉండగా సమ్మెటలు, ఉలులతో మనిషి వంగి నడిచేంత బొక్క తొలిచి చెరువు నీళ్లు మళ్లకు తెచ్చారు. ఏ ఊతమూ లేకుండా అది ఇన్నేళ్లూ నిలిచింది. ఆ ధైర్యంతోనే ఈ వేసవిలో ఊరంతా కలిసి కంప్రెసరు తెప్పించి, ట్రాక్టరు పట్టేలా వెడల్పు చేయడం మొదలుపెట్టారు. సగంలో కప్పు నుంచి బండ ఊడి కాలువకు అడ్డంగా పడింది. అందరూ భోజనాలకు వెళ్లి ఉండబట్టి బతికారు. నీళ్లు అవతలే ఆగిపోయాయి, ఇవతల ఉభాలకు, అంటే వరి నాట్లకు, పోసిన నారు ఎండిపోతోంది.

తాత సొరంగం నోటి దగ్గర గోడ మీద గునపంతో కొట్టాడు. ఖంగుమంది. ఇక్కడ రాతిని అలాగే పరీక్షిస్తారు. "సూడు బాబూ, గంటలాగ మోగతన్నాది. ఇదెలాగ పడిపోతాది?"

"రాయి గట్టిదే తాతా. రాయికీ రాయికీ మధ్య సందులే మంచివి కావు" అంటూ టార్చి వేసి చూపించాను. ఇరుకు బొక్కలో ఒకటో రెండో పగుళ్లు తగిలేవి. బండలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి. వెడల్పు చేసేసరికి మూడు వైపుల పగుళ్లు కప్పులో కలిశాయి, ఆనుడు పోయిన బండ జారింది. దాని పక్కనే ఇంకోటి, వంటగది అంతది, వేలాడుతోంది. అదే కొండ, అదే రాయి. పాత బొక్కకైతే మంచి మార్కులే వేసేవాణ్ణి.

"పోనీ నలుగురం ఎల్లి ఆ పడిన రాయి తీసేస్తే ఏటి?" అన్నాడు బావ.

"తీయాలంటే ఆ వేలాడేదాని కిందే నిలబడాలి బావా. ఎవరూ లోపలికి వెళ్లొద్దు."

"ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయిందిరా" అని బావ నేల మీద కూలబడ్డాడు.

ఉక్కు బోల్టులు దిగ్గొట్టి, కాంక్రీటు చల్లి ఆ కప్పును ఆపవచ్చు. దానికి యంత్రాలు రావాలి, అనుమతులు రావాలి. నారు అన్నాళ్లు ఆగదు. తాత "అయితే మళ్లీ సిన్నది సేసెయ్యలేమా బాబూ, ఎప్పట్లాగ?" అని అడిగాడు. "తొలిచేసిన రాయి మళ్లీ అతకదు తాతా" అన్నాను.

తిరుగు బస్సులో నా చదువు మీద నాకే అసహ్యం వేసింది. వేసవికి ముందు ఒక్క పూట వచ్చి ఉంటే పనికొచ్చేది. ఇప్పుడు వద్దని చెప్పడానికి తప్ప ఎందుకూ కొరగాలేదు. మీరు అటు వెళ్తే, తిరుగు ఆటోలు సాయంత్రం ఐదు దాటితే దొరకవు. సొరంగం నోటి దగ్గరే ఆగిపోండి. తాత గునపంతో కొట్టి, బాగా మోగుతోంది రండి అని పిలుస్తాడు. ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి.