వత్తి దారం కొస

కడోదరా బస్టాపులో నా పక్కన కూర్చున్న ముసలామె నా ఒళ్లోకి చూడటం నాకు మొదటినుంచీ నచ్చలేదు. అడాజన్‌లో ఒకామె ఇరవై కొవ్వొత్తులు చేసిమ్మంది. ఒళ్లో కొత్తగా కొన్న మైనం దిమ్మ, దాని మీద వత్తుల కోసం మా ఆయన తను నడిపే మరమగ్గం నుంచి తెచ్చిన తెల్ల దారం కండె ఉన్నాయి.

"ఏంది గిది?" అంది.

"కొవ్వొత్తులల్ల వత్తికి. మా ఇంటాయన సాంచ మీది దారం. నీకెందుకవ్వా?"

ఆమె నన్ను అడక్కుండానే కండె నుంచి జానెడు దారం తెంపింది. బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి కొస అంటించింది. దారం బూడిద కాలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది. చల్లారాక దాన్ని గిల్లి నా అరచేతిలో పెట్టింది.

"నూలైతే బూడిదైతది. గిది పాలిస్టర్. గిట్ల కరుగుడే గాని వత్తిలెక్క ఎలగది. ఏమోళ్లు మీరు?"

"నేతోళ్లమే."

"థూ! నేతోళ్లయ్యుండి నూలు గుర్తువట్టొస్తలేదా?"

"నిన్నెవరడిగిన్రు? నీ పని నువ్వు చూస్కో!" అని అరిచాను. జనం తిరిగి చూశారు.

బస్సొచ్చింది. ఆమె ఎక్కిందని నేను ఎక్కలేదు.

ఆ కొవ్వొత్తులకు బజార్లో నూలు దారం కొన్నాను. ఇప్పటికీ ఏ దారం కొన్నా షాపువాడి ముందే కొస కాల్చి చూస్తాను. బూడిద రాలిన ప్రతిసారీ ఆ ముసలామె మీద కోపం మళ్లీ రాజుకుంటుంది.