కాజాల బాబాయి మాత్రలు

మా కుట్టుషాపులో ఆయన్ని అందరూ కాజాల బాబాయి అంటారు. బొత్తాం పట్టే రంధ్రం చుట్టూ చేత్తో దారం అల్లడమే ఆయన పని. మిషన్ మీద కాజా చిటికెలో అయిపోతుంది, నిజమే. అయినా కోటు కుట్టించుకునేవాళ్ళు ఇప్పటికీ ఆయన చేతి కాజాయే కావాలంటారు. షాపు నాది, కత్తెర నాది, నోరు కూడా నాదే. ఆయనకున్నది కిటికీ పక్కన ఒక స్టూలు. పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా నోట్లోంచి ఒక్క మాట ఊడిపడదు.

పిన్ని పోయాక ఒక్కడే ఉంటున్నాడు. పిల్లల్లేరు. షాపు వెనక సందులో, మేడమీద ఒక గది. ఒకసారి జ్వరమొస్తే చూడ్డానికి వెళ్ళాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఆ కుర్చీలో పిన్ని చేతిసంచి అలాగే పెట్టి ఉంది. "కూర్చోమ్మా" అన్నాడు గానీ ఎక్కడ కూర్చోవాలో ఇద్దరికీ తోచలేదు. నిలబడే పలకరించి వచ్చేశాను. 

ఆ తర్వాత ఆయనకి అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. డాక్టరమ్మ చూసి, నరాలు నీరసించాయని చెప్పి, కొన్నాళ్ళపాటు వేసుకోమని విటమిన్ మాత్రలు రాసింది. మళ్ళీ ఆయన ఆ మాట ఎత్తలేదు. పని నెత్తిమీదుంటే ఎవరి కాళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఒకరోజు ఇస్త్రీ చేద్దామని తెల్లచొక్కా తీస్తే, కాజాల పట్టీ పొడుగునా ఎర్రటి మరకలు. నెత్తురు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటిది బాబాయ్? కళ్ళు ఎక్కడ పెట్టుకుని కుడుతున్నావ్?"

ఆయన వేలు పైకెత్తి చూసుకున్నాడు. కొసన ఇంకా నెత్తురు ఊరుతోంది.

"గుచ్చుకుందా? నాకు తెలీలేదమ్మా" అన్నాడు.

నా కోపం అక్కడే చల్లారిపోయింది. వేళ్ళకి స్పర్శ లేని మనిషి కాజాలేం కుడతాడు? ఈ స్టూలు కూడా పోతే ఆయనకి ఆ గది తప్ప ఇంకేముంది? ఆయనా అదే అనుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"కుట్టగలనమ్మా. ఇంకో చొక్కా ఇయ్యి" అన్నాడు, చెయ్యి వెనక్కి పెట్టుకుని.

చొక్కా లేదు గిక్కా లేదు, పద అని షాపుకి తాళం వేసి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. వేసుకుంటున్న మందులు చూపించమంటే, బాబాయి నసుగుతూ నసుగుతూ జేబులోంచి మూడు మాత్రల అట్టలు తీశాడు. మూడూ మూడు రంగులు.

ఆవిడ వెనక్కి తిప్పి చదివింది. "పేర్లే వేరండీ. మూడింట్లోనూ బి6 విటమిన్ ఉంది. కొంచెమైతే నరాలకి మంచిదే. ఇంతింత, ఇన్నాళ్ళు మింగితే ఆ నరాలే దెబ్బతింటాయి. నేను రాసింది ఒక్కటేగా? అదీ కొన్నాళ్ళకే!"

"బలానికే కదమ్మా..." అన్నాడు బాబాయి.

"ఇవాళ్టితో అన్నీ ఆపెయ్యండి. స్పర్శ మెల్లిగా రావచ్చు, నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

బయటికొచ్చాక నేను ఊరుకుంటానా? నడిరోడ్డు మీదే కడిగేశాను. "బుద్ధుందా నీకు? రాసింది ఒకటి చాలక మూడు రకాలు కొంటావా? పిప్పరమెంట్లనుకున్నావా అవి?"

ఆయన మాత్రల అట్టలు జేబులో కుక్కుకుంటూ నడిచాడు. వీధి మలుపులో ఆగాడు.

"మందుల షాపులో ఒకమ్మాయి ఉంటుందమ్మా. వెళ్ళినప్పుడల్లా 'మంట తగ్గిందా తాతగారూ' అని అడుగుతుంది. తగ్గిందంటే ఇంక వెళ్ళే పనే ఉండదుగా. తగ్గలేదనేవాణ్ణి. అస్తమానం అక్కడికే వెళ్తే బాగుండదని ఇంకో రెండు షాపులు చూసుకున్నాను. వాళ్ళూ అడిగేవాళ్ళు, తలో రకం మాత్రలు ఇచ్చేవాళ్ళు. కొన్నవి పారెయ్యబుద్ధి కాక మింగేశాను."

"మరి కాళ్ళ మంట?"

"అదా? అదెప్పుడో తగ్గిపోయింది."

ఆయన చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకొచ్చేశాను. 

స్టూలు అక్కడే ఉంచాను. కాజాలు మిషన్‌కి పంపి, ఆయన్ని బొత్తాలు ఏరమన్నాను. అవీ వేళ్ళ సందుల్లోంచి జారి గచ్చు మీద దొర్లేవి. వంగి ఏరుకునేవాడు. సాయంత్రం మందుల షాపు ముందు నుంచి తలొంచుకుని వెళ్ళిపోతుంటే నేను గుమ్మంలోంచి చూసేదాన్ని. కొనేదేమీ లేని మనిషి ఆ కౌంటరు దగ్గర ఏమని నిలబడతాడు?

అందుకని నేనే మొదలుపెట్టాను. పొద్దున్నే షాపు తాళం తీస్తూ "ఏం బాబాయ్, తగ్గిందా?" అనేదాన్ని. "ఇంకా లేదమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి రోజూ నాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు.

వానలు వెళ్ళిపోయాయి. ఒక మధ్యాహ్నం నేను బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్నాను. ఆయన చిరుగు పేలిక మీద సూది పట్టి, ఊరికే కుట్టు వేసి చూసుకుంటున్నాడు.

"అబ్బా!"

గిరుక్కున తిరిగాను. సూది వదిలేసి చెయ్యి విదిలించుకుంటున్నాడు. గుచ్చుకోవడం ఆయనకి తెలిసింది! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మొహం ఒక్క క్షణం విప్పారింది. అంతలోనే నావైపు భయంభయంగా చూశాడు.

"ఏం బాబాయ్, తగ్గిందా?"

ఆయన వేలు గబుక్కున గుప్పిట్లో దాచేసుకున్నాడు.

"లేదమ్మా. ఇంకా తగ్గలేదు."

"సరేలే, రేపడుగుతాను" అని మళ్ళీ కత్తెర తీసుకున్నాను.