బోణీ కాకముందే

మా ఇంట్లో బేరంలో ఓడిపోయినవాళ్లు లేరు. బాపుది కరీంనగర్ బజారులో కిరాణం దుకాణం, పెద్దబాపుది స్టీలు సామాన్లు, మేనమామది గాజులు. ముందు ధర చెప్పినవాడు సగం ఓడినట్టేనని ఎనిమిదేళ్ల వయసులో కందిపప్పు బస్తా మీద కూర్చుని నేర్చుకున్నదాన్ని. అలాంటి నేను ఎవరూ అడగకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా, నాలుగు పెళ్లిళ్ల పనిని షీటుకు ముప్పై రూపాయలు తగ్గించుకుని, ఒక్క రూపాయి అడ్వాన్సు లేకుండా ఒప్పుకున్నాను. పైగా "నీ కస్టమర్ ఆల్బమ్ తీస్కపోయినంకనే నాకియ్యి అన్నా" అని నా నోటితో నేనే చెప్పాను. ఫోను పెట్టేసి సంతోషంతో మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాను. మా మూడు దుకాణాల చరిత్రలో ఇంత ఘనమైన బేరం ఇంకెవరూ చేయలేదు.

ఎందుకు చేశానంటే, ఆ పని ఆమెకు పోకూడదని.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోలు తీసేది స్టూడియోవాళ్లు. ఆ రెండు మూడు వేల ఫొటోల్లోంచి కళ్లు మూసుకున్నవీ మేనత్తలు అలిగి నిలబడ్డవీ తీసేసి, మిగిలినవి వరసపెట్టి షీట్లుగా పేర్చేది మాలాంటివాళ్లం, ఇంట్లో కూర్చుని. పెళ్లికి నలభై షీట్లు, షీటుకు నూట ఇరవై. నెలజీతం లేదు, ఫొటోల డిస్కు ఎవరు పంపితే వాళ్ల పని. ఈ పనికి ఒక కట్టుబాటు ఉంది. డిస్కు రాగానే సగం డబ్బు తీసుకుంటాం. స్టూడియోవాళ్లు చూసుకోవడానికి పంపే షీట్ల మీద మన పేరు అడ్డంగా పడి ఉంటుంది, వాటిని అచ్చు వేయలేరు. మిగతా సగం అందాకే పేరు తీసేసిన అసలు ఫైళ్లు పంపుతాం. సరుకు మన చేతిలో ఉన్నంతసేపే బేరం అన్నమాట. బాపు దుకాణంలోనూ అంతే.

ఆమె, నేను ఒకే కలర్ ల్యాబులో పని నేర్చుకున్నాం. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఇంట్లో పుట్టి, పెళ్లయి కరీంనగర్ వచ్చింది. నాకంటే ఆరేళ్లు చిన్న. మౌసు ఎలా పట్టుకోవాలో చూపించింది నేనే. మూడేళ్లు తిరిగేసరికి స్టూడియోవాళ్లు నాతో "జర ఆమె చేసినట్టు చెయ్యక్కా" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించదు.

అసూయ అంటే ఏదో గుండెలో మంట అంటారు గానీ, నాకైతే అది ఒళ్లు వంచి చేసే పని. ఆమె వాట్సాప్‌లో పెట్టిన షీట్లను పెద్దవి చేసి తప్పులు వెతికేదాన్ని. ఒకసారి పెళ్లికొడుకు బాబాయి చెవి సగం కోసేసి కనిపించింది. ఆ చెవి నాకు రెండు రోజులు సంతోషాన్నిచ్చింది. ఆమె కొత్త మానిటర్ కొన్నదని తెలిసి, ఎప్పుడో ఆమె సకినాలు పంపిన డబ్బా తిరిగిచ్చే వంకతో వాళ్లింటికి వెళ్లాను. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే మానిటర్‌ను జానతో కొలిచాను. మూడు జానలు దాటింది. నాదేమో రెండున్నర. ఆమె చాయ్ తెచ్చాక "ఎంత మంచిగుంది చెల్లె" అన్నాను, చాయ్‌లో చక్కెర సరిపోలేదని మనసులో అనుకున్నాను.

అన్నిటికన్నా కాల్చేది ఒకటి ఉంది. ఆమెకు ఎవరూ డబ్బు ఎగ్గొట్టరు, ఆలస్యం కూడా చేయరు. నాకు దసరాకు రావలసింది ఉగాదికి వస్తుంది. ఆమెకు పని అయిన వారానికల్లా లెక్క తెగిపోతుంది. అడిగితే "ఏం లేదక్కా, పోయి తెచ్చుకుంట" అనేది. దాచిపెడుతోందని నా అనుమానం.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. మంచిర్యాలలో ఒక స్టూడియో అన్న దగ్గర ఆరు పెళ్లిళ్లు ఒక్కసారే ఉన్నాయట. సగం పైసలు ముందు పంపితేనే డిస్కు ముట్టుకుంటానని చెప్పిందట. ఆయన ఇంకా తేల్చుకోక సోంచాయిస్తున్నాడట. మంచి పని చేసినవ్, అసలు తగ్గకు అని నేను ధైర్యం చెప్పాను. ఫోను పెట్టేశాక నా లెక్క మొదలైంది. ఆరు పెళ్లిళ్లు, రెండు వందల నలభై షీట్లు. అన్నీ ఆమెకేనా? గంటలో ఆ అన్న నంబరు సంపాదించి ఆ ఘనమైన బేరం చేశాను. తొంభైకి, అడ్వాన్సు లేకుండా నాలుగు పెళ్లిళ్లు నావయ్యాయి. తక్కిన రెండు ఆయన ఇంకెవరికో ఇస్తున్నానన్నాడు. ఎవరికని నేను అడగలేదు. ఆమెకు కాకపోతే చాలు.

నూట అరవై షీట్లు ఇరవై రోజుల్లో చేశాను. ఆ రాబడిని నమ్ముకుని కొత్త కంప్యూటర్ వాయిదాల మీద తీసుకున్నాను, నెలకు నాలుగు వేల రెండు వందలు. పేరు తీసేసిన అసలు ఫైళ్లు కూడా పంపేశాను. కస్టమర్ ఆల్బమ్ తీసుకోవాలంటే ముందు అది అచ్చు కావాలి కదా, నేను పెట్టిన షరతే అట్లాంటిది.

ఆ తర్వాత షరతు నడవడం నేర్చుకుంది. మొదట కస్టమర్ తీసుకుపోయాక అనుకున్నాం. వాళ్లు తీసుకుపోయారు. అప్పుడాయన, వాళ్లు నాకు పూర్తిగా కట్టాక అన్నాడు. ఒక పెళ్లివాళ్లయితే ఆల్బమ్ ఖర్చు పిల్ల తరఫుదా పిలగాని తరఫుదా అని ఇంకా తేల్చుకోలేదట. పెళ్లయి ఐదు నెలలైంది, పిల్లకు మూడో నెల, ఆల్బమ్ మాత్రం ఎవరిదో తెలియదు. తర్వాత ముహూర్తాల సీజన్ అయిపోనీ అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం తగ్గించాడు. చెడ్డవాడేం కాదు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా అక్కా అనే పిలుస్తాడు. బాకీ ఉన్నవాళ్ల నోట్లో వరసలు మర్యాదగానే ఉంటాయి.

ఒకసారి దొరికినప్పుడు మా బజారు విద్య చూపించాను. "అయితే ఒద్దులే అన్నా, ఇగ ముంగట నీ పని చెయ్యను" అని, పిలుపు కోసం ఆగాను. దుకాణంలో గిరాకీ లేచి వెళ్లిపోతుంటే మూడో అడుగులో వెనక్కి పిలుస్తారు. ఆయన "సరే అక్కా, నీ ఇష్టం" అన్నాడు. సరుకు అవతలివాడి చేతిలో పెట్టి లేచిపోతే ఎవడు పిలుస్తాడు?

రెండు వాయిదాలు తప్పాయి. ఫైనాన్సువాళ్లు మూడోది కూడా తప్పితే కంప్యూటర్ ఎత్తుకుపోతామని చెప్పారు. నా సంపాదన అంతా ఆ పెట్టెలోనే ఉంది. అది పోతే రేపు డిస్కు ఎవరు పంపినా తీసుకుని చూస్తూ కూర్చోవాలి. దాంతో మంచిర్యాల బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ప్రయాణం లాభమే అనుకున్నాను. ఆ లాభం మీద ఆశతో నాలుగుసార్లు వెళ్లాను.

వెళ్లి ఏం చేశానో చెబితే మా బాపు మెచ్చుకుంటాడు, ఇంకెవరూ మెచ్చుకోరు. మొదటిసారి పదింటికి చేరాను. ఆయన అప్పుడే షటర్ ఎత్తి దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నాడు. ఇంకా బోణీ కాలేదు. మా దుకాణాల్లో పుట్టినవాళ్లకు ఇది ప్రాణంతో సమానం. పొద్దున మొదటి గిరాకీ డబ్బు గల్లాలో పడకముందు, లోపలి డబ్బు బయటికి పోకూడదు. బాకీ అడగడానికి వచ్చినవాళ్లు ఆ వేళకు రోడ్డవతలే నిలబడాలి. నేను రోడ్డవతలే నిలబడ్డాను. పాస్‌పోర్టు ఫొటోకు ఎవరైనా రావాలని దేవుణ్ని మొక్కుకుంటూ రెండు చాయ్‌లు తాగాను. పదకొండున్నరకు ఒక పెద్దాయన వచ్చాడు. అమ్మయ్య, బోణీ అయిందని నేను రోడ్డు దాటేసరికి స్టూడియో అన్న కెమెరా సంచీ వేసుకుని ఆసిఫాబాద్‌లో ఫంక్షన్ ఉందని బండి ఎక్కుతున్నాడు. రెండోసారీ దాదాపు ఇదే కథ. మూడోసారి శుక్రవారం అని బస్సు దిగాక గుర్తొచ్చింది. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపమనడం ఇంకా పాపం. ఆయనకు కనపడకుండానే తిరిగొచ్చాను.

నాలుగోసారి ఆయన దొరికాడు. బల్ల మీద ఒక ఆల్బమ్ ఉంది. రెండు పుటలు తిప్పగానే నాకు తెలిసిపోయింది. తలంబ్రాల ఫొటోలను అలా కిందికి జారుతున్నట్టు పేర్చేది ఒక్కరే. ఆ తక్కిన రెండు పెళ్లిళ్లు ఆమె చేసింది.

ఆమెకు డబ్బు ఇచ్చావా అని అడిగాను, ఆల్బమ్ మూసి పక్కన పెడుతూ.

"ఆమెది ఎప్పుడో అయిపోయింది అక్కా. సగం ముందు, సగం ఎన్క."

"మరి నాది?"

"నువ్వే చెప్పినవ్ గదా, కస్టమర్ ఇచ్చినంకనే ఇయ్యమని. నేను అడిగిన్నా?"

గోదావరి బ్రిడ్జి దాటుతున్నంతసేపూ నేను ఆయనను తిట్టుకోలేదు, ఆమెను తిట్టుకున్నాను. షీటుకు నూట ఇరవై, రెండు పెళ్లిళ్లు, తొమ్మిది వేల ఆరు వందలు, అప్పుడే ఖర్చు కూడా పెట్టేసుకుని ఉంటుంది. బస్సు దిగి మా ఇంటికి పోకుండా నేరుగా వాళ్లింటికే పోయాను. మొదట మర్యాదలు, తర్వాత చాయ్, ఆ తర్వాత ఉండబట్టలేక అడిగాను. మంచిర్యాల అన్న దగ్గర మిగతా సగం ఎట్లా రాబట్టినవ్?

పొద్దున్నే షటర్ ఎత్తకముందే పోయి నిలబడి, ఎత్తగానే లోపల గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుందట. గొడవేం పెట్టుకోలేదట. పొద్దున్నే ఇట్లా కూర్చుంటే ఆయనకే తోచక ఇచ్చేశాడట.

"బోణీ గాకముందా?" అన్నాను.

"బోణీ మాకేం ఎర్క అక్కా. మా బాపు శనారం శనారం ఆసామి ఇంటి ముంగట కూసుండేటోడు, వారం కూలి ఇచ్చేదాంక. కూలి పైసలకు బోణీ ఏంది?" అని నవ్వింది. ఆసామి అంటే వాళ్లకు సాంచాల యజమాని.

మూడేళ్లుగా ఏదో మంత్రం దాచిందనుకున్నాను. స్టూలు మీద కూర్చోవడమట. ఇంతలో కప్పులు ఎత్తుతూ, నా వైపు చూడకుండా, ఆమే ఇంకో మాట అంది.

"ఆ దినం నీకు ఫోన్ చేసినంక, ఆరు పెండ్లిళ్లకు సగం పైసలు పంపుతనని ఆయన ఒప్పుకున్నడు. మాపటికి రెండే అన్నడు. నాలుగు పెండ్లిళ్లకు వేరే మనిషి దొరికింది, తొంబైకే చేస్తదట, నువ్వు గూడ తగ్గుమన్నడు. నేను తగ్గలే. గా మనిషి ఎవరో అడగలే గని, నాకు ఎర్కయింది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకూ ఏదో ఒక మాట దొరికేది. చెప్పులు వేసుకుంటుంటే నా చెప్పు పట్టీ దొరకలేదు, ఆమే వంగి సరిచేసింది. దాంతో ఆమె మీద ఇంకాస్త మండింది, నిజం చెప్పాలంటే.

మూడో వాయిదా గడువు శనివారం. కాబట్టి నాకు మిగిలింది శుక్రవారం పొద్దు. మొదటి బస్సుకు పోయి, షటర్ ముందు మెట్టు మీద కూర్చున్నాను. ఆయన వచ్చాడు, తాళం తీశాడు, నేను ఆయన వెనకాలే లోపలికి పోయి స్టూలు మీద కూర్చున్నాను. ఎవరైనా మా బాపు దుకాణంలో ఇలా చేసి ఉంటే నేనే బయటికి పంపేదాన్ని.

"ఏందక్కా, గింత పొద్దుగాల్నే?"

"పైసలకొచ్చిన అన్నా."

"బోణీ గాలే. అండ్ల శుక్రారం. దుకాణమోళ్ల బిడ్డవు, నీకు నేను చెప్పాల్నా?"

"ఇయ్యాల దుకాణమోళ్ల బిడ్డగా రాలే. కూలికొచ్చిన."

ఆయన అగరొత్తులు వెలిగించి, వాటిని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మంలోకి ఒక తల్లీ కూతురూ వచ్చారు, ఫొటో కోసం. నన్ను చూసి ముందెవరో ఉన్నారనుకుని బయటే ఆగారు. స్టూలు ఒక్కటే, నేను లేవలేదు. ఆయన వాళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, అగరొత్తులు గుచ్చేసి ఫోను తీశాడు. కస్టమర్లు పద్నాలుగు షీట్లు వద్దన్నారని ఒక చీటీ చూపించాడు. వాళ్లు వద్దన్నా నేను చేశాను కదా అని వాదించాను. అచ్చు కానిదానికి నేనేం చేయనన్నాడు. చివరికి నూట నలభై ఆరు షీట్లకు పదమూడు వేల నూట నలభై తేలింది. నూట నలభై ఇడిసిపెట్టు అన్నాడు. మామూలుగా అయితే ఆ నూట నలభై కోసం మధ్యాహ్నం దాకా కూర్చునేదాన్ని. బోణీ కాని గల్లాలోంచి తీయించానన్న భయానికి వదిలేశాను. పదమూడు వేలు వచ్చాయి. బయటున్న తల్లీ కూతుళ్లతో లోపలికి పోండమ్మా అని చెప్పి బస్టాండుకు వచ్చాను. అక్కడే కూర్చుని, తప్పిన రెండు వాయిదాలూ వాటి జరిమానా కూడా కట్టేశాను. మూడోదానికి తక్కువ పడిన కొంచెం ఇంటి ఖర్చులోంచి కలిపాను. కంప్యూటర్ ఉంది.

ఇక బిల్లు. చేతికి వచ్చింది పదమూడు వేలు. ఇందులోంచి జరిమానా వెయ్యీ నూట ఎనభై తీసేయాలి. ఐదుసార్లు మంచిర్యాలలో చాయ్, సమోసా, మంచినీళ్లు మూడు వందలు. బస్సుకు సున్నా, కానీ ఆ ఐదు రోజులు ఇంట్లో ఉంటే రోజుకు ఎనిమిది షీట్లు చేసేదాన్ని, నూట ఇరవై చొప్పున నాలుగు వేల ఎనిమిది వందలు. అన్నీ పోను ఆరు వేల ఏడు వందల ఇరవై. చేసిన షీట్లు నూట అరవై. అంటే షీటుకు నలభై రెండు రూపాయలు.

ఇంకో పద్దు ఉంది, అది నా పద్దు కాదని చాలా రోజులు రాయలేదు. నా ఫోను లేకపోతే ఆ నాలుగు పెళ్లిళ్లు కూడా ఆమె చేసేది. నూట అరవై షీట్లు, నూట ఇరవై చొప్పున, పందొమ్మిది వేల రెండు వందలు. ఆమె అడగలేదు, అడగదు కూడా. అందులో ఇప్పటిదాకా నేను ఇచ్చింది ఏమీ లేదు.